అంబాసిడర్‌లో విజయవాడ నుంచి అమృత్‌సర్ దాకా: తాళం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి

పాత కారులో దూరాభారం పోదామనుకునేవాళ్లు హోటల్ బుక్ చేసేముందు ఏసీ ఉందా, వేణ్ణీళ్లు వస్తాయా అని అడగడం తర్వాత. ముందు ఒక్కటే అడగండి: "మా కారు మేమే పార్క్ చేసుకోవచ్చా? తాళం మా దగ్గరే ఉంటుందా?" ఫోన్‌లో గట్టిగా ఔనని చెప్పకపోతే ఆ హోటల్ వద్దు. ఎన్ని నక్షత్రాల రేటింగ్ ఉన్నా వద్దు. భోపాల్‌లో మాకు జరిగింది చదివితే ఎందుకంటున్నానో తెలుస్తుంది.

కారు మా మామయ్యగారిది. 1977 అంబాసిడర్ మార్క్ 3, 1489 సీసీ పెట్రోలు ఇంజను, హ్యాండ్ గేరు (గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది). డెబ్భై నాలుగేళ్ల మనిషి. స్వర్ణదేవాలయం చూడాలి, అదీ తన కారులోనే వెళ్లి చూడాలి అని ఎప్పటినుంచో అంటున్నారు. "విమానమెక్కితే సాయంత్రానికి అక్కడుంటాం కదా నాన్నా" అని మా ఆవిడ చాలా పోరింది. ఆయన వినలేదు. దీపావళి వెళ్లాక ఆయన, నేను, మా ఆవిడ, బావమరిది నలుగురం బయల్దేరాం. ఆ రోజుల్లో ఎండ బాధ ఉండదు, పంజాబ్‌లో పొగమంచు ఇంకా పట్టదు. కాకపోతే అక్కడ వరిగడ్డి తగలబెట్టిన పొగకి కళ్లు మండాయి.

దారి గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ మీదుగా ఎన్‌హెచ్ 44 పట్టుకోమనే చెప్తారు. పాత కారుకి ఆ దారి పనికిరాదు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది. ఆ తర్వాత సడలింపులు, మార్పులు వస్తూనే ఉన్నాయి. ఇవాళ ఉన్న ఉత్తర్వు రేపు ఉంటుందన్న భరోసా లేదు. రాజధాని ప్రాంతమంటే ఢిల్లీ ఒక్కటే కాదు. హరియాణాలో రోహ్తక్, పానిపట్, కర్నాల్, జింద్, రాజస్థాన్‌లో అల్వర్, భరత్‌పూర్ జిల్లాలు కూడా అందులోవే. ఆగ్రా నుంచి జైపూర్‌కి తిప్పుకుందామన్నా మధ్యలో భరత్‌పూర్ తగులుతుంది. అందుకని మేం నాగపూర్ నుంచి బైతూల్, భోపాల్, బ్యావరా చేరి అక్కడ ఎన్‌హెచ్ 52 ఎక్కాం. ఝాలావాడ్, కోటా, బూందీ, జైపూర్, సీకర్ మీదుగా హిసార్ (దానికి ముందు సివానీ దగ్గర రాజధాని ప్రాంతంలోదే అయిన భివానీ జిల్లా మాత్రం కాస్త తగులుతుంది). జింద్ జిల్లా తగలకుండా అక్కడి నుంచి సిర్సా, డబ్వాలీ వైపు తిరిగి, ఎన్‌హెచ్ 54లో బఠిండా, ఫరీద్‌కోట్ దాటి అమృత్‌సర్. మొత్తం దాదాపు 2,400 కిలోమీటర్లు. దారి పొడవునా ఒక్కచోట కూడా బండి వయసు చూసి ఎవరూ ఆపలేదు.

కాగితాల దగ్గర బద్ధకించొద్దు. ఇరవై ఏళ్లు దాటిన కారుకి ఆర్‌సీ రెన్యువల్ ఫీజుని 2025 ఆగస్టులో రూ. 10,000 చేశారు. మా ఆర్‌సీ పాత పుస్తకం రకం, వివరాలు ఆన్‌లైన్‌లో లేవు. 'బ్యాక్‌లాగ్ ఎంట్రీ' (పాత వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించడం) చేయించుకుంటే గానీ ఫాస్టాగ్ సక్రమంగా రాదు, టోళ్ల వార్షిక పాసూ (2025లో రూ. 3,000) రాదు. ఆ ఎంట్రీ కోసం ఆర్టీవో ఆఫీసులో ఒక గుమాస్తా మామయ్యగారిని మళ్లీ మళ్లీ తిప్పించుకున్నాడు, ఒక్కసారి కూడా కూర్చోమనలేదు. బయల్దేరే తేదీకి మూడు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. పాస్ జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది, 200 టోళ్లో, ఏడాదో, ఏది ముందైతే అది. దూర ప్రయాణానికి కచ్చితంగా లాభమే.

యాభై ఏళ్లు దాటిన కారున్నవాళ్లకి ఇంకో మాట. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం రూ. 20,000 కట్టి 'వీఏ' అక్షరాల వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కానీ ఆ నంబరు పడ్డాక బండిని ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఇలాంటి ప్రయాణం మనసులో ఉంటే ఆ నంబరు జోలికి పోవద్దు. ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటూ మామూలు నంబరు మీదే ఉండండి.

బండి పని విజయవాడ ఆటోనగర్‌లో చేయించాం. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడానికి రూ. 9,500, రేడియేటర్ కోర్ మార్చడానికి రూ. 7,800, నాలుగు చక్రాల బ్రేక్ సిలిండర్ కిట్లు, హోసులకి రూ. 6,400. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ మార్చడానికి రూ. 2,180 అయింది. ఈ ఆఖరిది మాత్రం ఎవరూ మానొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, పగుళ్లిస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాయింట్లు, కండెన్సర్, రోటర్, ఫ్యాన్ బెల్టు, హెడ్ గ్యాస్కెట్, క్లచ్ ప్లేటు, 20డబ్ల్యూ50 ఆయిల్ రెండు డబ్బాలు, గ్రీజు గన్ను డిక్కీలో సర్దారు మామయ్యగారు. బావమరిది బట్టల సూట్‌కేసుకి చోటు లేకపోతే నిర్మొహమాటంగా తీసి ఇంట్లో పెట్టించారు. వాడు హైదరాబాద్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

బైతూల్ దాకా రాయాల్సినంత విశేషాలేమీ లేవు. నిర్మల్ ఘాట్ మూడో గేరులో హాయిగా ఎక్కింది. వేగం 65 దాటనివ్వలేదు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే ఉన్న బండి ఇప్పటి కార్లలా ఉన్నచోటే ఆగదు, కాబట్టి ముందు బండికి బాగా ఎడం ఉంచి, ఎడమ వరసలోనే వెళ్లండి. రోజుకి మూడు వందల కిలోమీటర్లు లెక్క వేసుకుంటే మనిషికీ బండికీ సుఖం. తెల్లవారుజామున ఐదుకి కదిలితే మధ్యాహ్నానికి ఊరు చేరతాం, ఏదైనా చెడితే బాగుచేసుకోవడానికి పగలు మిగులుతుంది. భోపాల్‌కి ముందు భీమ్‌బేట్కా గుహలు దారిలోనే ఉన్నాయి. వేల ఏళ్లనాటి రంగులు రాతి మీద ఇంకా నిలిచి ఉన్నాయి. మా ఆవిడకి ప్రయాణం నచ్చడం అక్కడే మొదలైంది. ఆ ఆనందం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

భోపాల్ హోటల్లో రెండు గదులు, ఒక్కోటి రూ. 2,950. 'ఉచిత పార్కింగ్' అని ఉంటే తీసుకున్నాం. తీరా వెళ్తే పార్కింగ్ సెల్లార్లో ఉంది, బండి వాళ్ల కుర్రాడే పెట్టాలట. హ్యాండ్ గేరు బండి, మేమే పెట్టుకుంటాం అని మామయ్యగారు మర్యాదగానే చెప్పారు. రూల్ ఒప్పుకోదన్నారు. తాళం ఇస్తేనే గదులన్నారు. ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టేసి ఉన్నాం, చీకటి పడుతోంది. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ పుట్టి చూసి ఉండడు. మొదటి గేరు నుంచి రివర్సుకి లాగాడు, లింకులు రెండూ ఒకదానికొకటి చిక్కుకున్నాయి. అంబాసిడర్ తెలిసినవాడెవడైనా అక్కడ ఆగిపోయి, బానెట్ ఎత్తి, చేత్తో లింకు సర్ది మళ్లీ ఎక్కుతాడు, అర నిమిషం పని. వాడు బలం కొద్దీ కడ్డీ మీద పడ్డాడు. లోపల రాడ్డు వంగిపోయింది. బండి సెల్లార్ ర్యాంపు మీద అడ్డంగా నిలబడిపోయింది, వెనక నాలుగు కార్లు హారన్లు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. నేర్పకుండా నిలబెట్టినవాళ్ల మీద ఉంది. మేనేజర్ కిందకొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "పాత బండి కదా సార్, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే" అన్నాడు. నలభై ఎనిమిదేళ్లు ఒక్క చేతి మీద నడిచిన బండి అది. ఆ మాటకి మామయ్యగారు జవాబు చెప్పలేదు, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. మా ఆవిడ మాత్రం వదల్లేదు. రిసెప్షన్ దగ్గర నిలబడి, మీ మనిషి చేతిలో చెడింది కాబట్టి రిపేరు ఖర్చు మీదే అని హిందీలో గంటసేపు వాదించింది. పైసా ఇవ్వలేదు. పైగా మర్నాడు మెకానిక్ వచ్చేసరికి ఆలస్యమైందని లేట్ చెకౌట్ కింద రూ. 1,475 వేశారు. రసీదు ఇప్పటికీ దాచాను.

ఆ మెకానిక్ గురించి చెప్పకపోతే తప్పు. పాత ఊళ్లో ఒక షెడ్డు మేస్త్రీ, మామయ్యగారి ఈడువాడే. స్కూటర్ మీద వచ్చి, ర్యాంపు మీదే పడుకుని రాడ్డు విప్పి, షెడ్డుకి తీసుకెళ్లి కాచి సరిచేసి, అరిగిన బుష్‌లు రెండు మార్చి తెచ్చి బిగించాడు. మొత్తం రూ. 850, బుష్‌లతో కలిపి. ఎక్కువ ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఇద్దరూ బానెట్ మీద టీ గ్లాసులు పెట్టుకుని సగం ఉర్దూ సగం తెలుగులో కార్బొరేటర్ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మామయ్యగారి ముఖం అప్పటికి తెరిపిన పడింది.

కోటాకి ముందు దరా దగ్గర జాగ్రత్త. ముకుందరా కొండల మధ్య దారి సన్నబడి, రైలు కట్ట కింద ఇరుకు సందులోంచి పోవాలి. లారీలు ఆగాయంటే గంటలే. మాకూ అదే జరిగింది. నెమ్మదిగా కదులుతూ ఆగుతూ ఉంటే ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగిపోయింది. దీనికి మెకానిక్ అక్కర్లేదు. తడిగుడ్డ పంపు మీద వేసి, గొట్టం తడిపి, పావుగంట ఆగితే చాలు. బావమరిది తన కొత్త తువ్వాలే తడిపి వేశాడు, సూట్‌కేసు కోపం అక్కడితో పోయిందనుకుంటా. లారీల వాళ్లు దిగొచ్చి రోడ్డు పక్కకి తోశారు, ఒక సర్దార్జీ వాటర్ క్యాన్ ఇచ్చి వెళ్లాడు. దరాని పొద్దున్నే దాటేలా రోజు లెక్క వేసుకోండి.

ఇక బూందీ. జైపూర్‌కి తొందరపడి బూందీని వదిలేసేవాళ్లంటే నాకు జాలి. పాత హవేలీలో గది రూ. 1,800, తాళం గురించి అడగబోతే ఆ ఇంటాయనే ముందు మాట అందుకున్నాడు: "సందులో పెట్టకండి, గీతలు పడతాయి, లోపలికి తీసుకురండి." ఒకప్పుడు గుర్రాలు కట్టిన చావిడి తలుపులు తీయించి, లోపలున్న మోటార్ సైకిళ్లు బయట పెట్టించి మా బండికి చోటిచ్చాడు. అదనంగా రూపాయి అడగలేదు. రాత్రి వాళ్లావిడ చేసిన దాల్ బాటీకి మనిషికి రూ. 250. నెయ్యి ఎంత పోసిందో చెప్తే నమ్మరు. తినకూడదని డాక్టర్ చెప్పినవన్నీ మామయ్యగారు ఆ పూట తిన్నారు. మేమెవరం ఆపలేదు. మర్నాడు 1699లో కట్టించిన రాణీజీ కీ బావడీ చూశాం. మెట్లు దిగుతుంటే రెండు వైపులా చెక్కిన స్తంభాలు, ఏనుగులు. అంత పెద్ద బావి దగ్గర ఆ వేళ మేం తప్ప ఎవరూ లేరు. ఇంకో రోజు ఉందామని మా ఆవిడే అడిగింది. ఉన్నాం.

జైపూర్, సీకర్, హిసార్ మామూలుగా గడిచాయి. మేం వెళ్లినప్పుడు హరియాణాలో పెట్రోలు లీటరు 96 దగ్గర, మనవైపు 109 దాకా ఉండేది, అందుకని అక్కడ ట్యాంకు నింపుకున్నాం. లీటరుకి తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఇచ్చింది. వెళ్లేటప్పటికి మొత్తం పెట్రోలు ఖర్చు రూ. 26,340. అమృత్‌సర్‌లో గుడి చుట్టుపక్కలకి కారు వేసుకుని వెళ్లాలని చూడొద్దు. ఊరి అంచున ఆవరణ ఉన్న లాడ్జీలో పెట్టి (రూ. 2,200) ఆటోలో వెళ్లాం. మామయ్యగారు రెండు పూటలూ లంగర్లో (గుడిలో అందరికీ ఉచితంగా అన్నం పెట్టేచోట) నేల మీద కూర్చుని తిన్నారు, తర్వాత గిన్నెలు కడిగేచోట గంటసేపు నిలబడ్డారు.

తిరుగు ప్రయాణం మాత్రం నడుపుకుంటూ పెట్టుకోవద్దు. అంతదూరం వెళ్లాక మనిషికీ బండికీ ఓపిక ఉండదు. బండిని కార్ క్యారియర్ లారీ మీద పంపి మేం విమానంలో వచ్చాం. క్యారియర్ రూ. 31,000, పన్ను కలిపి. సగమే ముందు ఇవ్వండి, మిగతాది బండి దిగాక. ఎక్కించేముందు నాలుగు పక్కలా, అడుగునా ఫోటోలు తీసి, మీటరు అంకె రాయించి సంతకం పెట్టించుకోండి. ట్యాంకులో నాలుగైదు లీటర్లు చాలు, డిక్కీలో సామాన్లు ఉంచకండి, బ్యాటరీ వైరు పీకేయండి. లారీ మీదకి ఎక్కించేది కూడా మీరే. వాళ్ల డ్రైవర్ స్టీరింగ్ దగ్గరికి వస్తుంటే మామయ్యగారు అప్పటికే సీట్లో కూర్చుని ఉన్నారు.