తాత దాచిన నాణేలకు కొన్న పెట్టె: త్రాసు మంచిది, ఆల్బమ్ చెడ్డది

మొన్నటి సంక్రాంతి తరువాత దేవరకొండ దగ్గరి మా పాత ఇంటిని ఖాళీ చేస్తుండగా అటక మీద ఒక బిస్కట్ల రేకు డబ్బా దొరికింది. అందులో మా తాత దాచిన నాణేలు 143 ఉన్నాయి. ఆయన పట్వారీగా, అంటే ఊరి కరణంగా, పనిచేసిన మనిషి కావడంతో ఒక్కొక్క నాణేన్ని పాత పహాణీ (పొలాల లెక్కల) కాగితాల ముక్కల్లో చుట్టి, పైన పెన్సిలుతో రెండు మూడు మాటలు రాసి పెట్టారు. నాణేల గురించి నాకు అప్పటికి తెలిసినదేమీ లేదు. వాటిని చెడగొట్టకుండా, ఏది ఏమిటో గుర్తు పట్టడానికి ఏం కావాలో వెతుకుతూ, కొత్తగా నాణేల సేకరణ మొదలుపెట్టేవారి కోసమని అమ్ముతున్న ఒక పెట్టెను 1,400 రూపాయలకు ఇంటర్నెట్‌లో తెప్పించుకున్నాను. నాలుగు నెలలు వాడిన తరువాత దాని మంచిచెడ్డలు రాస్తున్నాను. తయారీదారు పేరు చెప్పడం లేదు. ఇటువంటి పెట్టెలే వేర్వేరు పేర్లతో చాలా ఉన్నాయి, లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే.

పెట్టెలో అరల పుటలున్న ఆల్బమ్ ఒకటి, సన్నని త్రాసు, దీపమున్న భూతద్దం, నడుమ పారదర్శకమైన కిటికీ ఉన్న అట్టముక్కలు 50, ఒక చిన్న సీసాలో మెరుపు ద్రవం, ధరల పుస్తకం ఉన్నాయి. బొమ్మలోనూ ప్రకటనలోనూ ఆల్బమే ప్రధానంగా కనిపిస్తుంది, త్రాసును ఉచితంగా ఇస్తున్నట్టు రాశారు. వాస్తవంలో విలువ తలకిందులుగా ఉన్నది.

త్రాసు 200 గ్రాముల వరకు తూచి, గ్రాములో నూరో వంతు వరకు చూపుతుంది. దానితో సరిచూసుకునే తూకంరాయి ఇవ్వకపోవడం లోపమే కానీ, అందుకు ఇంట్లోనే ఉపాయం ఉన్నది: 2011 నుంచి వచ్చిన వరుసలోని ఐదు రూపాయల నాణెం సరిగ్గా 6 గ్రాములు, కాబట్టి ఎక్కువ అరగని పది నాణేలను కలిపి పెడితే 60కి దగ్గరగా రావాలి. నాకు 59.96 వచ్చింది. సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నప్పుడు మాత్రం అంకెలు నిలవవు; మా ప్రాంతపు మే నెలలో ఫ్యాను ఆపి కూర్చుని నాణేలు తూచడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ త్రాసు మా డబ్బాలోని రూపాయలను ఒక్క సాయంత్రంలో మూడు కుప్పలుగా విడదీసింది. హైదరాబాదు సంస్థానపు హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములు ఉంటుంది. మా పెద్దలు కల్దారు అని పిలిచే బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు ఉంటుంది. ఈ అరగ్రాము తేడా చేతికి తెలియదు, త్రాసుకు తెలుస్తుంది. వెండిలోనూ తేడా ఉన్నది: కల్దారులో వెయ్యి పాళ్లకు 917 పాళ్లు వెండి అయితే హాలీలో 818 మాత్రమే. అందుకే ఆ రోజుల్లో ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు మారకం ఉండేది. మూడో కుప్పలో మిగిలింది ఒకే ఒక్కటి. విక్టోరియా బొమ్మతో 1862 అని ఉన్న ఆ రూపాయి 10.2 గ్రాములే తూగింది, అంచు పళ్ల మీదుగా సన్నని అతుకు గీత కూడా కనిపించింది. అచ్చులో పోత పోసిన నకిలీ అది. తాత చుట్టిన కాగితం మీద ‘చెల్లలేదు’ అని రాసి ఉండటం చూసి నవ్వు వచ్చింది. ఆయనకు త్రాసు అవసరం పడలేదు.

అయితే త్రాసు అన్నీ చెప్పదు. 1940 నుంచి వచ్చిన బ్రిటిష్ రూపాయలలో వెండిని సగానికి తగ్గించినా బరువు మార్చలేదు. కాబట్టి వాటిని సంవత్సరం చూసే గుర్తించాలి. 1947 నాటి పులి బొమ్మ రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. దానికి అయస్కాంతం అంటుకోవడం చూసి మా బంధువు ఒకరు నకిలీ అని పారేయబోయారు. వెండిది అయితే అంటుకోకూడదు, ఆ ఏడాది రూపాయి మాత్రం అంటుకోవాలి. ఇటువంటి రెండు మాటలు పెట్టెతో ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేవు.

భూతద్దం మీద అరవై రెట్లు అని ముద్రించారు, అది నమ్మదగిన మాట కాదు. పది రెట్లకు మించి పెద్దదిగా కనిపించినట్టు నాకు తోచలేదు. మా పనికి అది చాలు. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి మీద నడిమి ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది: ‘మీమ్’ అయితే ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆ మీమ్ అక్షరపు నిజాం వల్లనే, అందుకని మహబూబ్‌నగర్‌లో ఉండే మా మేనల్లుడు ఆ నాణేన్ని చేతిలో నుంచి వదలలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రోజుల నాణేలలో ఐన్ అక్షరం సగమే ఉన్నవీ, పూర్తిగా ఉన్నవీ రెండు రకాలున్నాయి. సేకరించేవారు ఆ తేడాకు విలువ ఇస్తారు కాబట్టి ఇక్కడ భూతద్దం తప్పనిసరి. దశాంశ (రూపాయికి నూరు పైసల లెక్క) నాణేలలో సంవత్సరం కింద చుక్క గుర్తుంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా టంకశాల అని చదువుకోవడానికీ అదే పనికొచ్చింది.

అంకెలు చదవడంలో మాత్రం అద్దం ఉన్నా పొరబడ్డాను. హాలీ నాణేల మీద హిజ్రీ (ఇస్లాం పంచాంగపు) సంవత్సరం ఉర్దూ అంకెలలో ఉంటుంది. అందులో సున్న ఒక చుక్క, ఐదు మన సున్నను పోలి ఉంటుంది, ఏడు పైకి తెరుచుకున్న కోణం, ఎనిమిది దాన్నే బోర్లించిన రూపం. 1358ని నేను 1307 అని చదివి, ఎంతో పాతదని రెండు రోజులు మురిసిపోయాను. మా వీధిలో ఉండే విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడికి చూపిస్తే, ‘ఇది మీ నాయన పుట్టిన నాటి సిక్కా, బాబూ, మీ ముత్తాత నాటిది కాదు’ అని దిద్దారు. ‘మరి పక్కన ఈ 92 ఏమిటి సాబ్?’ అని అడిగితే అది సంవత్సరం కాదనీ, అక్షరాలకు విలువలు కట్టే పద్ధతిలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తమనీ వివరించారు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కకు ఇంచుమించు వస్తుంది: 1321 అంటే 1903-04, చార్మినార్ బొమ్మతో యంత్రపు నాణేలు మొదలైన కాలం.

ఇక ఆల్బమ్. మూత తెరవగానే కొత్త షవర్ కర్టెన్ వాసన వచ్చింది. మెత్తని పీవీసీ పుటలకే ఆ వాసన ఉంటుంది. నిర్ధారించుకోవడానికి పుట మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి, కిటికీ తెరిచి, గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చిన రాగి తీగను దానికి తాకించి మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా మారింది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌కు అది ఆనవాలు. ఈ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే నూనె వంటి పదార్థాలు కాలక్రమంలో బయటికి ఊరి నాణెం మీద జిగటగా పేరుకుంటాయి. దానితో పాటు పుట్టే ఆమ్లం రాగిని తిని ఆకుపచ్చ పొర కట్టిస్తుంది. హాలీ రూపాయిలో రాగి పాలు ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువే. తాత పహాణీ ముక్కల్లో అరవై ఏళ్లకు పైగా నలుపెక్కినా క్షేమంగా ఉన్న నాణేలు, ప్రత్యేకంగా నాణేల కోసమే తయారుచేసిన అరల్లో పాడవడం కంటే విడ్డూరం ఏముంటుంది? పైగా అరల కింద ముందే అచ్చువేసిన పేర్లు బ్రిటిష్ ఇండియాకు, స్వతంత్ర భారతానికి సంబంధించినవే. 1959 దాకా ఇక్కడ చెలామణిలో ఉన్న హాలీ సిక్కాకు ఒక్క పుటైనా లేదు. తెలంగాణలో ఎవరి అటక మీద డబ్బా దొరికినా అందులో ముందు చేతికి వచ్చేవి అవే కదా.

అట్టముక్కలు మాత్రం నిజంగా మంచివి. కిటికీకి వాడిన పొర పీవీసీ కాదు. అదే తీగ పరీక్షలో మంట రంగు మారలేదు. రూపాయి వెడల్పు 30 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది కాబట్టి పెద్ద కంత ఉన్నవి కావాలి, కానీ 50లో 12 మాత్రమే ఆ కొలతవి. స్టేప్లర్ పిన్నులు కొట్టాక వాటి కాళ్లను పటకారుతో నొక్కి చదును చేయాలి, లేకపోతే పక్క అట్టలోని నాణేన్ని గీరుతాయి.

మెరుపు ద్రవాన్ని నేను మూత కూడా తీయలేదు. అంతకు ముందే మా వదినగారు లక్ష్మీపూజకు పనికొస్తాయని రెండు చారాణాలను (నాలుగణాల నాణేలను) చింతపండుతో తోమి పెట్టారు; అవి ఇప్పుడు తెల్లగా, కొత్త స్టీలు గిన్నెల్లా ఉన్నాయి, మీద అక్షరాల అంచులు మెత్తబడ్డాయి. నాణెం మీద ఏళ్ల తరబడి కమ్మిన ఛాయ పోతే తిరిగి రాదు, తోమిన నాణేనికి సేకరించేవారు సగం ధర కూడా ఇవ్వరు. మొదలుపెట్టేవారి పెట్టెలోనే ఆ సీసా పెట్టడం బాధ్యత లేని పని.

ధరల పుస్తకం గురించి ఎక్కువ రాయనవసరం లేదు. అంకెలు ఆశ పెట్టడానికే ఉన్నాయి. పాత నాణెం లక్షలు పలుకుతుందని ఫోను చేసి, ముందుగా రుసుము కట్టమనే మోసాలు ఎంత పెరిగాయంటే, తమ పేరు వాడుకుంటున్న అటువంటి వారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. రాముడి పట్టాభిషేకం బొమ్మతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని ఉండే పెద్ద రాగి బిళ్లను ఆ పుస్తకం అరుదైన నాణేల జాబితాలో చేర్చింది. కంపెనీ అటువంటి నాణేన్ని ఎన్నడూ ముద్రించలేదు. ఆ ఒక్క పుట చాలు, పుస్తకాన్ని పక్కన పెట్టడానికి.

పెట్టెలో ఎవరికీ తట్టని లోటు ఇంకొకటి ఉన్నది. వారసత్వంగా వచ్చిన నాణేలకు కాగితాలు ఉంటాయి, ఆ కాగితాలకు చోటు కావాలి. ‘చిన్నక్క పెండ్లి చదివింపు’, ‘మిర్యాలగూడ అంగడి, ఎద్దుల బేరం మిగులు’ అని తాత రాసిన ముక్కలే ఆ రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నాయి. కానీ పాత కాగితంలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది కాబట్టి రెండింటినీ కలిపి ఉంచకూడదు. నేను నాణేలకూ చీటీలకూ ఒకే వరుస సంఖ్య వేసి, బరువును నోటుబుక్కులో రాసి, చీటీలను గట్టి పాలీప్రొపిలీన్ (పీవీసీ కాని ప్లాస్టిక్) సంచుల్లో వేరుగా పెట్టాను.

మొత్తం మీద ఐదుకు రెండు మార్కులు ఇస్తాను, అవి కూడా త్రాసు, అట్టల పుణ్యమే. ఈ రెండూ విడిగా 600 రూపాయల లోపు దొరుకుతున్నాయి. అద్దానికి మరో 200 పెడితే పెట్టె కొనవలసిన పని లేదు. ఆల్బమ్‌ను తిరిగి పంపుదామంటే పుట మూల కత్తిరించాను కాబట్టి వెనక్కి తీసుకోబోమని అన్నారు. పుటలన్నీ చించేసి, గట్టిగా ఉన్న దాని అట్టను తాత చీటీల సంచులకు పైకప్పుగా వాడుతున్నాను.