కొత్త సూపర్‌వైజర్‌కి ఏది మేలు: ఒకే పెద్ద జీతమా, పాత గ్రేడు మీద అలవెన్సా?

వర్కర్‌గానో ఆపరేటర్‌గానో ఉన్న మనిషిని సూపర్‌వైజర్ చేసేటప్పుడు యాజమాన్యం ఇచ్చే ఆఫర్ దాదాపుగా మూడు రకాల్లో ఒకటిగా ఉంటుంది. ఓటీ (ఓవర్‌టైమ్), షిఫ్ట్ అలవెన్స్ లాంటివన్నీ తీసేసి నెలకు ఒకే పెద్ద అంకె ఇవ్వడం మొదటిది. పాత గ్రేడు, పాత బేసిక్ కదిలించకుండా పైన సూపర్‌వైజర్ అలవెన్స్ కలపడం రెండోది; ఇందులో ఓటీ ఉంటుంది. మూడోది జీతం కొద్దిగా పెంచి, మిగతాది టార్గెట్ అందుకుంటే ఇన్సెంటివ్‌గా ఇస్తామనడం. మొదటి ఏడాది వరకూ రెండోదే మేలని నా అభిప్రాయం. ఓటీ పెద్దగా లేని చోట మాత్రం మొదటిది గెలుస్తుంది.

పెద్ద అంకె చూడగానే సంతోషం వేస్తుంది, సహజమే. కానీ పోల్చాల్సింది పాత బేసిక్‌తో కాదు, పాత చేతికొచ్చే జీతంతో. లెక్క వేసి చూద్దాం. వారానికి 48 గంటల పనికి మీ పాత జీతం 100 అనుకోండి. దానిపైన వారానికి 10 గంటల ఓటీ, రెట్టింపు రేటు మీద. అంటే ఇంకో 20 గంటల జీతం. మొత్తం దాదాపు 142 అవుతుంది. ఇప్పుడు కంపెనీ ‘25 శాతం హైక్’ ఇచ్చి ఓటీ తీసేస్తే చేతికొచ్చేది 125. ప్రమోషన్ వచ్చింది, జీతం తగ్గింది! ఓటీ రేటు రెట్టింపు కాకుండా ఒకటింపావే అయినా పాతది 126 దగ్గర ఉంటుంది. అప్పుడు కూడా 25 శాతం హైక్ దాన్ని అందుకోదు.

పైగా ఓటీ డబ్బు పోయినా ఆ గంటలు పోవు, టీమ్‌తో పాటు మీరూ ఉండాలి. పని గంటలు అక్కడితో కూడా ఆగవు. షిఫ్ట్ మొదలయ్యే ముందు అరగంట వచ్చి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చూసుకోవాలి. అయిపోయాక ఇంకో అరగంట ఉండి వచ్చే సూపర్‌వైజర్‌కి పని అప్పగించాలి. వారానికి ఆరు రోజులంటే ఆరు గంటలు. పాత 58 గంటలు 64 అయ్యాయి. గంటకు పడే జీతం 2.44 నుంచి 1.95కి దిగింది. మీ కింద పనిచేసే సీనియర్ ఆపరేటర్ ఓటీతో కలిపి మీకంటే ఎక్కువ ఇంటికి తీసుకెళ్తుంటే అతని లీవు మీద సంతకం పెట్టేది మీరు. ఆ ఇబ్బంది పడ్డవాళ్లకే తెలుస్తుంది.

సూపర్‌వైజర్‌కి ఓటీ లేకపోవడం ఒక్క కంపెనీ కనిపెట్టిన ఎత్తుగడ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది, ఓటీకి కనీసం ఒకటింపావు రేటు ఇవ్వాలంది. పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ హోదాల్లో ఉన్నవాళ్లను మాత్రం ఆ పరిమితి నుంచి మినహాయించింది. చాలా దేశాల చట్టాల్లో ఇలాంటి మినహాయింపే ఏదో ఒక రూపంలో ఉంది. అయితే పేరు మార్చినంత మాత్రాన ఆ మినహాయింపు వర్తించదు. అమెరికాలో ఈ కారణం చూపి ఓటీ ఎగ్గొట్టాలంటే పర్యవేక్షణే ఆ మనిషి ప్రధాన పని అయి ఉండాలి, కింద కనీసం ఇద్దరు పూర్తికాలపు ఉద్యోగులుండాలి, వాళ్ల నియామకంలో, తొలగింపులో అతని మాటకు విలువుండాలి. భారతదేశంలోనూ కోర్టులు హోదా పేరు కంటే రోజూ చేసే అసలు పని ఏమిటన్నదే చూస్తాయి. అక్కడ 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి (కోడ్) ప్రకారం నెలకు 18,000 రూపాయలు దాటిన జీతంతో పర్యవేక్షణ పని చేసేవాళ్లు ‘వర్కర్’ నిర్వచనంలోకి రారు. ఓటీ ఒక్కటే కాదు, తొలగింపు సమయంలో వర్కర్‌కి ఉండే రక్షణల్లో కొన్ని కూడా దాంతోపాటే పోతాయి. ఇది తెలియకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

అలవెన్స్ పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (వాడని సెలవులకు ఇచ్చే డబ్బు) లాంటివి బేసిక్ మీద లెక్కకట్టే చోట, అలవెన్స్ ఎంత పెరిగినా అవి పెరగవు. పోస్టు మారితే అలవెన్స్ ఆ నెలే ఆగిపోతుంది కూడా. అందుకే దీన్ని ఏడాదికి మించి సాగనివ్వకూడదు. కొత్త పోస్టులో కన్ఫర్మ్ అయిన రోజున అలవెన్స్ బేసిక్‌లో కలుస్తుందని ప్రమోషన్ ఆర్డర్‌లోనే రాయించుకోవాలి. ఇక మీ విభాగంలో ఓటీ వారానికి రెండు గంటలకు మించదనుకోండి, రెట్టింపు రేటు మీద అది 8 శాతం చిల్లరే. అప్పుడు 25 శాతం ఫిక్స్‌డ్ పెంపు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఏ వైపు మొగ్గాలో తేలాలంటే గత ఏడాది పేస్లిప్పులన్నీ ముందేసుకుని ఓటీ సగటు తీస్తే చాలు. సీజన్‌లో ఒక నెల వచ్చిన ఓటీ చూసి నిర్ణయించుకోవద్దు.

ఇన్సెంటివ్ ఆఫర్ గురించి ఎక్కువ చెప్పను. మెషిన్ ఆగిపోవడం, సరుకు ఆలస్యంగా రావడం, మనుషులు సరిపోకపోవడం మీ చేతిలో ఉండవు, టార్గెట్ మాత్రం మీ పేరు మీద ఉంటుంది. చిన్న ప్రమాదం జరిగితే, ఇన్సెంటివ్ పోతుందేమోనని, రిజిస్టర్‌లో రాయాలా వద్దా అని సూపర్‌వైజర్ ఆలోచనలో పడేలా చేసే జీతం మంచి జీతం కాదు.

అంకె కంటే నేను ముందు చూసేది ప్రొబేషన్ (కన్ఫర్మ్ చేసే ముందు పనితీరు చూసే కాలం) క్లాజు. ‘పనితీరు సంతృప్తికరంగా లేకపోతే సేవలు ముగించబడతాయి’ అని ఉంటే ఆగండి. పదేళ్ల సర్వీసున్న ఆపరేటర్‌ని ఆరు నెలల కొత్తవాడిగా మార్చే వాక్యం అది. దాని బదులు ‘కన్ఫర్మ్ కాని పక్షంలో పాత పోస్టుకు, పాత గ్రేడుకు, సీనియారిటీకి భంగం లేకుండా తిరిగి పంపబడతారు’ అని ఉండాలి. ఈ ఒక్క వాక్యం కోసం జీతంలో కొంత తగ్గినా నష్టం లేదు. పాత గ్రేడు మీద అలవెన్స్ ఇచ్చే పద్ధతి నాకు నచ్చడానికి అసలు కారణం కూడా ఇదే: వెనక్కి దారి అందులోనే ఉంటుంది. ఫిక్స్‌డ్ జీతం తీసుకునేవాళ్లు మాత్రం దాన్ని విడిగా అడిగి రాయించుకోవాలి.

‘పనివేళలు సంస్థ అవసరాలను బట్టి ఉంటాయి’ అన్న వాక్యం మామూలుగా కనిపిస్తుంది గానీ అర్ధరాత్రి ఫోన్లన్నీ దాని మీదుగానే వస్తాయి. వారానికి ఇన్ని గంటలు దాటితే కాంప్ ఆఫ్ (బదులు సెలవు) అని పక్కన చేర్పించండి. ‘విభాగంలో జరిగే నష్టానికి బాధ్యులు’ అని ఉంటే, మీ నిర్లక్ష్యం విచారణలో తేలితేనే రికవరీ అని మార్పించండి. లీవు మంజూరు చేసే అధికారం, మెషిన్ ఆపే అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం రాసే ఆర్డర్లు చాలానే ఉంటాయి. నోటీసు పీరియడ్ ఒక నెల నుంచి మూడు నెలలకు పెంచితే, అదే గడువు కంపెనీకీ వర్తించాలి.

మొదట చెప్పిన మూడు ఆఫర్లకంటే అన్యాయమైన నాలుగోది కూడా ఉంది. ‘కొన్నాళ్లు ఇన్‌చార్జ్‌గా చూసుకోండి, ఆర్డర్ తర్వాత వస్తుంది’ అని నోటిమాటగా అప్పగించడం. పాత జీతం, కొత్త టెన్షన్. రేపు మీ షిఫ్ట్‌లో ప్రమాదం జరిగితే బాధ్యుడిగా మీ పేరే రాస్తారు, జీతం అడిగితే మీరు సూపర్‌వైజరే కాదంటారు. కాదనడం కుదరకపోతే, ‘మీరు చెప్పిన ప్రకారం ఫలానా తేదీ నుంచి ఇన్‌చార్జ్ బాధ్యతలు తీసుకున్నాను, అలవెన్స్ వివరాలు తెలియజేయగలరు’ అని ఆ రోజే రెండు ముక్కలు మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా తేదీ నిలబడుతుంది.

బడ్జెట్ లేదని జీతం దగ్గర మొండికేస్తే అంకె మీద వాదన ఆపి, జీతం మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారో అడగండి. ‘త్వరలో’ అంటే ఒప్పుకోవద్దు. నెల, ఏడాది ఆర్డర్‌లో పడాలి.