గాంబియా: బీచ్ కోసం వెళ్లి నదిని చూసొచ్చాం

గాంబియా వెళ్తున్నామని చెప్తే మా అత్తయ్య అడిగిన మొదటి మాట "జాంబియానా?" అని. ఆఫీసులో కూడా ఇద్దరు అదే అడిగారు. వాళ్ల తప్పేం లేదు, మ్యాప్‌లో వెతికినా దొరకడం కష్టమే. సెనెగల్ పొట్టలోకి దూరిన వానపాములా ఉంటుంది ఆ దేశం. మధ్యలో గాంబియా నది, దానికి అటూ ఇటూ కాస్త నేల, అంతే. మొత్తం కలిపితే మన ఉమ్మడి గుంటూరు జిల్లా అంత. నది బ్రిటిష్ వాళ్లకి, చుట్టుపక్కల నేల ఫ్రెంచి వాళ్లకి చిక్కడంతో ఆ వింత ఆకారం వచ్చింది. స్వతంత్రం 1965లో. ఇంగ్లిష్ అధికార భాష కాబట్టి మాటకు ఇబ్బంది లేదు.

మేం ఇంగ్లండ్‌లో రీడింగ్‌లో ఉంటాం. ఇక్కడివాళ్లు చలికాలంలో ఎండ కోసం పోయే చోట్లలో గాంబియా ఒకటి. ఆరు గంటల విమానం, గడియారం తిప్పుకోవాల్సిన పని కూడా లేదు. మొన్న జనవరిలో నేను, మావారు, హైదరాబాద్ నుంచి వచ్చిన అత్తయ్య కలిసి పది రోజులు వెళ్లొచ్చాం.

వెళ్లే ముందు టెన్షన్ అంతా ఎల్లో ఫీవర్ టీకా గురించే. గాంబియా నుంచి వెంటనే ఇండియా వెళ్లేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అత్తయ్య ఇక్కడికి రాకముందే హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నారు. అరవై దాటినవాళ్లకు ఆ టీకాతో ఇబ్బందులు రావచ్చు కాబట్టి డాక్టర్ ఒకటికి రెండుసార్లు ఆలోచించి సరే అన్నారు. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఈ సంగతి ఆఖరి వారానికి వాయిదా వేయకండి. మలేరియా మాత్రలు కూడా తప్పవు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా సంగతి టికెట్ కొనకముందే తేల్చుకోవాలి.

మొదటి నాలుగు రాత్రులు కొలొలీలో, బీచ్ పక్కన పెద్ద హోటల్లో ఉన్నాం. విమానం, గది, టిఫిన్ అన్నీ కలిసిన ప్యాకేజీ. పేరు చెప్పను గానీ, పెట్టిన డబ్బుకు న్యాయం జరగలేదు. ఈత కొలను, కొబ్బరి చెట్లు, పచ్చగడ్డి అన్నీ ఉన్నాయి. కానీ రెండో రాత్రే ఏసీ ఆగిపోయింది, "రేపు చూస్తాం" అన్న రేపు మూడు రోజులైనా రాలేదు. టిఫిన్‌లో ఆమ్లెట్, బీన్స్, సాసేజ్. ఆఫ్రికా వచ్చి ఇంగ్లిష్ వాళ్ల టిఫిన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. అత్తయ్యకు మిగిలింది బ్రెడ్డు, బొప్పాయి. పనివాళ్లు మాత్రం బంగారం. రెండో రోజుకే ఆవిడను అందరూ "మామా" అని పిలవడం మొదలుపెట్టారు.

హోటల్ గేటు దాటితే ఇంకో కథ. ఇసుకలో పది అడుగులు వేయగానే ఒక కుర్రాడు వచ్చి కలుస్తాడు. "హలో బాస్, గుర్తుపట్టలేదా? నేను మీ హోటల్లోనే పనిచేస్తా" అంటాడు. చేయడు. వీళ్లను అక్కడ బమ్‌స్టర్లు అంటారు. గైడ్‌గా వస్తాననో, పక్షులు చూపిస్తాననో, బడి పిల్లలకు చందా ఇవ్వమనో వెంటపడతారు. దొంగతనాలు, బెదిరింపులు మాకైతే ఎదురుకాలేదు, విసుగు మాత్రం వచ్చింది. మావారు మర్యాదకు పోయి ప్రతివాడితో పది నిమిషాలు మాట్లాడేవారు. మూడో రోజుకు అత్తయ్యే దారి కనిపెట్టారు: ఆగకుండా, నవ్వుతూ, "సలామాలేకుం" అనేసి నడిచిపోవడం. తొంభై శాతం పైగా ముస్లింలు ఉన్న దేశం కదా, ఆ పలకరింపుకు జవాబు చెప్పకుండా ఎవరూ ఉండరు. జవాబు చెప్పేలోపు మనం నాలుగడుగులు ముందుంటాం.

డబ్బు దలాసీలు. మేం వెళ్లినప్పుడు పౌండుకు ఎనభై అయిదు పైనే వచ్చాయి. కార్డులు పెద్ద హోటళ్లలో తప్ప పెద్దగా పనికిరావు, నోట్ల కట్టలు మోయాల్సిందే. టాక్సీలు రెండు రకాలు. ఆకుపచ్చవి టూరిస్టులకు, రేటు చాలా ఎక్కువ. పసుపు రంగువి ఊరి జనానికి. పసుపుది ఎక్కి ఇతరులతో పంచుకుంటే మనిషికి ఇరవై దలాసీలకు అటూ ఇటూ. మొత్తం బండి మనకే కావాలంటే "టౌన్ ట్రిప్" అని చెప్పి, ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి. ఇక గెలెగెలె అని వ్యాన్లు ఉంటాయి, అచ్చం మన సెవెన్ సీటర్ ఆటో లెక్కే. నిండితేనే కదులుతుంది, నిండిందన్నాక ఇంకో నలుగురు ఎక్కుతారు.

ఐదో రోజు హోటల్ వదిలేసి బకావులో ఒక గెస్ట్‌హౌస్‌కు మారాం. హోటల్లో మూడో వంతు రేటు. కరెంటు పోయేది, వేడినీళ్లు ఒక పూటే, కానీ తెల్లారి లేస్తే నిజమైన ఊరు కనిపించేది. వీధి చివర ఒకావిడ రోజూ కట్టెల పొయ్యి మీద బాణలి పెట్టి ఏవో వేయించేది. అత్తయ్య దగ్గరకెళ్లి చూసి, "ఇవి అలసంద వడలు కదే!" అన్నారు. నిజంగా అవే. వాళ్లు అకరా అంటారు. బొబ్బర్లు రుబ్బి నూనెలో వేసి, తపలాపా అనే పొడవాటి గట్టి బ్రెడ్డు చీల్చి అందులో పెట్టి, ఉల్లిపాయ కారం పూసి కాగితంలో చుట్టి ఇస్తారు. మిగిలిన రోజులన్నీ అత్తయ్యకు టిఫిన్ అదే.

శాకాహారులకు గాంబియా తేలిక కాదు. దొమొదా అని వేరుశెనగ ముద్దతో చేసే పులుసు ఉంది, పల్లీలు ఆ దేశపు ముఖ్య పంట. రుచి అద్భుతం, కానీ మాంసమో చేపో లేకుండా మామూలుగా వండరు. బెనచిన్ అనే అన్నంతో పాటు కుచ్చా అని పచ్చటి పులుపు ముద్ద పెడతారు. నోట్లో పెట్టుకోగానే నేనూ మావారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గోంగూర! ఎర్ర గోంగూర మొక్కే అక్కడా పెరుగుతుంది. ఆకుతో కుచ్చా, పువ్వుతో వొంజో అనే ఎర్రటి షర్బత్. పాపం అత్తయ్య ఎంతో ఆశగా గిన్నె దగ్గరకు లాక్కున్నారు, తీరా అందులో ఎండుచేప ఉందని తెలిసి వెనక్కి నెట్టేశారు. తర్వాత గెస్ట్‌హౌస్ వంటామెకు ముందురోజే చెప్పి చేప లేకుండా చేయించుకున్నాం.

బకావులో కచికల్లీ మొసళ్ల కొలను తప్పక చూడాలి. టికెట్ కొద్దిగే. కంచె లేదు, అద్దం లేదు. గట్టు మీద మొసళ్లు మన ఊరకుక్కల్లా పడుకుని ఉంటాయి, గైడు చూపించిన దాని వీపు తాకొచ్చు. చేపలు మేపుతూ ఉండటం వల్ల అవి మనుషుల జోలికి రావట. నేను ఒక వేలు ఆనించి తీసేశాను. అది పర్యాటకుల కోసం పెట్టిన జూ కాదు, పవిత్ర స్థలం. పిల్లలు లేని ఆడవాళ్లు అక్కడికొచ్చి మొక్కుకుని ఆ నీళ్లతో స్నానం చేస్తారు. అత్తయ్య చెప్పులు విప్పేశారు. "పుట్టలో పాలు పోయమా మనం?" అన్నారు.

తంజీ చేపల రేవుకు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. రంగురంగుల పడవలు ఒడ్డుకు వస్తుంటే, ఛాతీలోతు నీళ్లలోకి దిగి తలల మీద చేపల తట్టలు మోసుకొచ్చే దృశ్యం మరిచిపోలేం. వాసన కూడా మరిచిపోలేం. కోతుల కోసం వెళ్లే బిజిలో అనే అడవి చిన్నదే, ఒక గంట చాలు. పల్లీలు పెట్టొద్దని బోర్డు ఉన్నా అందరూ పెడుతూనే ఉన్నారు.

రాజధాని బంజుల్‌కు ఒక పూట చాలు. ఆల్బర్ట్ మార్కెట్, ఊళ్లోకి వెళ్లే దారిలో ఆర్చ్ 22 అనే 35 మీటర్ల కమాను. 1994 జూలై 22న సైనిక కుట్రతో అధికారంలోకి వచ్చిన యాహ్యా జమ్మే తన గుర్తుగా కట్టించుకున్నది. ఆయన 2016 డిసెంబరు ఎన్నికల్లో ఓడిపోయాడు. ఎలా ఓడించారో విన్నాక నాకు కమాను కంటే అదే బాగా నచ్చింది. అక్కడ ఓటు వేసేది గోళీతో. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము ఉంటుంది. గోళీ వేస్తే లోపల గంట టింగుమంటుంది. రెండుసార్లు మోగితే దొంగ ఓటని బయటివాళ్లకు తెలిసిపోతుంది. ఓడినా మొదట దిగనన్న జమ్మే 2017 జనవరిలో దేశం వదిలిపోయాడు.

మాకు ఇదంతా చెప్పిన టాక్సీ డ్రైవరే ఇంకో మాట కూడా అన్నాడు. ఇండియా వాళ్లమని తెలిసి కాసేపు ఆగి, "మా పిల్లలు తాగిన దగ్గు మందు మీ దగ్గరిదే కదా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. ఇండియాలో తయారైన నాలుగు సిరప్‌లలో విషరసాయనాలు దొరికాయని 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. కిడ్నీలు పాడై 66 మంది పిల్లలు పోయారని అప్పటి లెక్క. తమ పరీక్షల్లో మందు బాగానే ఉందని మన ప్రభుత్వం తర్వాత చెప్పింది. బండిలో కూర్చుని అతనికి ఆ రెండో మాట చెప్పడానికి మా ఎవరికీ నోరు రాలేదు.

బంజుల్ నుంచి నది దాటి అవతల బారాకు ఫెర్రీ. రెండు గంటలు ఎదురుచూశాం, అది మామూలేనట. లారీలు, మేకలు, మంచాలు, మనుషులు అందరూ ఒకే తలుపులోంచి తోసుకుంటారు. పెద్దవాళ్లతో అయితే పొద్దున్నే మొదటి ఫెర్రీ పట్టుకోండి. అక్కడి నుంచి జుఫురే అనే ఊరు, దాన్ని ఆనుకుని అల్‌బ్రెడా, నది మధ్యలో కుంటా కింటే దీవి. ఇక్కడి నుంచే మనుషులను బానిసలుగా ఓడల్లోకి ఎక్కించారు. పాత పేరు జేమ్స్ ఐలాండ్, 2011లో మార్చారు. యునెస్కో జాబితాలో 2003 నుంచీ ఉంది. దీవిలో మిగిలింది కొన్ని మొండిగోడలు, కొన్ని బావోబాబ్ చెట్లు. నది దాన్ని కొద్దికొద్దిగా కోసేస్తోంది. చూడాల్సిందే, కానీ ఏజెంటు ద్వారా పోవద్దు. మేం ఒక ఏజెంటుకు ముందే డబ్బు కడితే, దీవి దగ్గర ఇరవై నిమిషాలు, తర్వాత బొమ్మల దుకాణాల దగ్గర గంటన్నర తిప్పాడు. ఊళ్లోకి రాగానే పిల్లలను వరసగా నిలబెట్టి పాట పాడించి చందా పుస్తకం చాపారు. అంత బరువైన చోట అలా చేయడం నాకు నచ్చలేదు. అయితే రోజూ బస్సుల కొద్దీ వచ్చే మాలాంటి వాళ్లే కదా అలవాటు చేసింది అని కూడా అనిపించింది.

చివరి మూడు రోజులు నది పైకి వెళ్లాం. మొత్తం ట్రిప్పులో డబ్బుకు, ఒంటినొప్పులకు సరిపోయింది అదొక్కటే. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకుని, తెల్లవారుజామునే దక్షిణపు ఒడ్డు రోడ్డు పట్టుకున్నాం. రోడ్డు బాగుంది. చెక్‌పోస్టులే లెక్కలేనన్ని, ప్రతిచోటా పలకరింపు, పాస్‌పోర్టు. చెక్‌పోస్టుల దగ్గర, వంతెనల మీద ఫోన్ బయటకు తీయొద్దని డ్రైవర్ ముందే చెప్పాడు. ఫరాఫెన్ని దగ్గర 2019లో తెరిచిన సెనెగాంబియా వంతెన మీదుగా ఉత్తరం ఒడ్డుకు దాటాం. అంతకుముందు అక్కడ ఫెర్రీ కోసం లారీలు రోజుల తరబడి ఆగేవట. దారి పొడవునా పల్లీ చేలు, జీడిమామిడి తోటలు. ఈ దేశం నుంచి జీడిగింజలు ఇండియాకు వస్తాయి. పలాసలో ఆఫ్రికా గింజలు కొట్టే ఫ్యాక్టరీల గురించి మావారు డ్రైవర్‌కు చెప్తే, పిక్క కొట్టడానికి అంత దూరం పంపడం దేనికని అతను నవ్వాడు.

వాసూలో రాతి వలయాలున్నాయి. ఎర్రటి లాటరైట్ రాయిని చెక్కి మనిషి ఎత్తు స్తంభాలుగా గుండ్రంగా నిలబెట్టారు. కింద సమాధులు. సెనెగల్‌తో కలిపి ఇవి 2006లో యునెస్కో జాబితాలో చేరాయి. కోరిక కోరుకుని రాయి మీద చిన్న రాయి పెట్టి వస్తారు. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు చూసినవాళ్లకు ఇక్కడ అడుగుపెట్టగానే ఒళ్లు జలదరిస్తుంది. ముగ్గురమే ఉన్నాం, టికెట్ ఇచ్చే ఆయనతో కలిపి నలుగురం.

కుంతౌర్ దగ్గర చిన్న పడవ ఎక్కితే చింపాంజీల దీవులు. వేటగాళ్ల నుంచి, బోనుల నుంచి తప్పించిన చింపాంజీలను 1979 నుంచి ఆ దీవుల్లో వదిలి పెంచుతున్నారు. ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. దీవి మీద ఎవరినీ కాలు పెట్టనివ్వరు, పడవలోంచే చూడాలి. అరగంట ఏమీ కనపడలేదు. తర్వాత ఒక తల్లి, దాని వీపు మీద పిల్ల. అంతలో పడవకు ఎడమపక్క నీళ్లలోంచి బుస్సుమని నీటిగుర్రం తల లేచింది. పడవాయన ఇంజన్ ఆపేసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

జంజన్‌బురేలో మేం దిగిన లాడ్జికి కరెంటు లైను లేదు. గుడ్డి లాంతర్లు, దోమతెర, బక్కెట్ స్నానం, కిటికీ బయట నది. కోతులు వచ్చి అత్తయ్య బిస్కెట్ ప్యాకెట్ ఎత్తుకుపోయాయి. రాత్రి కాపలా కుర్రాళ్లు బొగ్గుల కుంపటి మీద అత్తాయా కాచారు. గ్రీన్ టీ, చారెడు చక్కెర, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోయడం. మూడు సార్లు కాస్తారు, మొదటిది చేదు, మూడోది పాకం. మధ్యలో లేవడం మర్యాద కాదు. గంటన్నర కూర్చున్నాం. కొలొలీ హోటల్లో ఒక రాత్రికి కట్టిన డబ్బుతో ఇక్కడ మూడు రాత్రులు ఉండొచ్చు. మళ్లీ వెళ్తే బీచ్‌కు రెండు రోజులు, నదికి వారం ఇస్తాను. నవంబరు, డిసెంబరు నెలలే ఎంచుకుంటాను, జనవరిలో సహారా దుమ్ము గాలికి మావారికి రోజూ తుమ్ములే.

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య సెరెకుండా మార్కెట్లో అరకిలో ఎండు గోంగూర పూలు కొన్నారు. షర్బత్ కోసమేమో అనుకున్నాను. రీడింగ్ వచ్చిన మర్నాడే నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పచ్చడి నూరేశారు. రంగు మాత్రం ఇంగువ తాలింపు పెట్టిన బీట్‌రూట్‌లా వచ్చింది.