ఆవకాయకు గాజు సీసానా, పెట్ డబ్బానా, పౌచా? దాని మీద ఏ లేబులు మేలు?

ఇరవై ఏళ్లుగా స్టిక్కర్లు ముద్రించి బతుకుతున్నవాణ్ణి. పర్యావరణానికి ఏ లేబులు మంచిదని నన్ను అడగడమంటే మిఠాయి కొట్టువాణ్ణి మధుమేహం గురించి అడిగినట్టే. అయినా మా అక్క అడిగింది. ఊళ్లో మరో ఆరుగురు ఆడవాళ్లతో కలిసి ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. "తమ్ముడూ, ఈ ప్లాస్టిక్ డబ్బాలు మానేద్దామనుకుంటున్నాం. గాజు సీసాలు తెప్పించి, వాటి మీద ఆ గోధుమరంగు కాగితం లేబులు వేస్తే సరిపోతుందిగా?" అంది.

"సీసా సంగతి తర్వాత చూద్దాం అక్కా. నీ పచ్చడి ఎక్కడెక్కడికి వెళ్తుందో ముందు చెప్పు" అన్నాను.

మూడు దారుల్లో వెళ్తుంది. సగానికి పైగా చుట్టుపక్కల ఊళ్లలోనూ దగ్గరి పట్నంలోనూ అమ్ముడవుతుంది. కొంత హైదరాబాదుకు, బెంగళూరుకు పార్సిల్లో పోతుంది. మిగిలింది అమెరికాకు, కొరియర్లోనో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల పెట్టెల్లోనో. ఈ మూడింటికీ ఒకే ప్యాకింగు మేలని ఎవరు చెప్పినా నమ్మవద్దన్నాను.

నేను చూసేది ఒకటే. ఖాళీ అయ్యాక దాన్ని పాత సామాన్లవాడు డబ్బిచ్చి తీసుకుంటాడా? మన దేశంలో చెత్తను వేరు చేసేది యంత్రాలకన్నా మనుషులే ఎక్కువ. వీధుల్లో ఏరుకునేవాళ్లు, తోపుడు బండి మీద తిరిగేవాళ్లు, గోదాముల్లో కూర్చుని రకాలుగా విడగొట్టే ఆడవాళ్లు. డబ్బా అడుగున రీసైక్లింగును తెలిపే మూడు బాణాల గుర్తు ఉందా లేదా అని వాళ్లు చూడరు. గిట్టుబాటైతే సంచిలో వేస్తారు, లేకపోతే అక్కడే వదిలేస్తారు.

గాజు: తిరిగి వస్తేనే

500 గ్రాముల పచ్చడి పట్టే గాజు సీసా సుమారు పావుకిలో ఉంటుంది. అదే కొలత పెట్ డబ్బా, అంటే నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్‌తో చేసిన డబ్బా, 35, 40 గ్రాములకు మించదు. వెయ్యి సీసాలు లారీ ఎక్కిస్తే పచ్చడితో పాటు పావు టన్ను గాజును కూడా మోయిస్తున్నట్టు. గాజు కొలిమి 1,500 డిగ్రీల దరిదాపుల్లో రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. పాత గాజు ముక్కలు కలిపితే ఇంధనం కొంత ఆదా అవుతుంది. కలిపిన ప్రతి 10 శాతం ముక్కలకు సుమారు 2.5 నుంచి 3 శాతం దాకా. అంతకు మించి కలిసిరాదు. అందుకే ఒక్కసారి వాడి పారేసే గాజు సీసా, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, పలచటి పెట్ డబ్బాకన్నా వాతావరణానికి ఎక్కువ బరువు. ఈ మాట చెప్పినప్పుడు అక్క మొహం చిన్నబోయింది.

పైగా పాత సామాన్లవాడికి గాజంటే పెద్ద మోజు లేదు. బీరు సీసా పగలకుండా ఉంటే తీసుకుంటాడు, అది కడిగి మళ్లీ నింపడానికి పోతుంది కాబట్టి. తలో ఆకారంలో ఉండే పచ్చడి సీసాలు బరువెక్కువ, ధర తక్కువ. చేయి తెగే భయం ఒకటి.

అయితే సీసా తిరిగి వచ్చిందా, లెక్క తలకిందులవుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. గోలీసోడా తాగి సీసాను బండి దగ్గరే పెట్టి వచ్చేవాళ్లం. జర్మనీలో నేటికీ బీరు సీసా మీద 8 సెంట్ల ధరావతు ఉంటుంది. ఖాళీ సీసా దుకాణంలో ఇచ్చి ఆ డబ్బు తీసుకుంటారు. ఆ సీసాను వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కడిగి మళ్లీ నింపుతారు. ఒక్కో సీసా అలా పదుల సార్లు తిరుగుతుంది. అంతా సాగడానికి ఒక చిన్న విషయం కారణం: ఆ సీసాల మీది లేబులు కాగితం, దాన్ని అంటించేది వేడి సోడా నీళ్లలో విడిపోయే జిగురు. సోడా నీళ్లలో మునిగితే లేబులు దానంతటదే ఊడి వస్తుంది.

ఇక్కడ నా చేతిపనిని నేనే తిట్టుకోవాలి. నిరుటి సీసాల మీది స్టిక్కర్లను అక్కావాళ్లు కిరసనాయిలు రాసి చాకుతో గీకుతుంటే చూశాను. నేను ముద్రించినవే. ఊడిరావని పొగిడి అమ్మినవే. ఒక్కో సీసాకు నాలుగైదు నిమిషాలు పట్టింది. ఆ పని చూశాక సీసా వెనక్కి తీసుకోవాలన్న ఉత్సాహం ఎవరికి మిగులుతుంది?

కాబట్టి తిరిగివచ్చే గాజుకు స్టిక్కరు పనికిరాదు. కాగితం లేబులు, పిండి జిగురు. స్టిక్కరుకు ఇంకో పాపం కూడా ఉంది, కొనేవాళ్లకు కనిపించదు. స్టిక్కరు వెనక ఒలిచి పారేసే నున్నటి కాగితం ఉంటుంది. స్టిక్కరు సులువుగా ఊడేందుకు దాని మీద సిలికాన్ పూత వేస్తారు. ఆ పూత వల్ల మామూలు కాగితం మిల్లులు దాన్ని తీసుకోవు. నా దుకాణం వెనక ఆ చుట్టలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. పిండి జిగురుతో అంటించే లేబులుకు ఈ చెత్త అసలే లేదు.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. అది ఆవకాయ. నూనె ఒక్క బొట్టు కారినా కాగితం మీద మరక పాకుతుంది. తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు చదవలేకుండా పోతే తనిఖీలో దొరికిపోతారు. కొందరు దీనికి విరుగుడుగా కాగితం మీద ప్లాస్టిక్ పొర అతికిస్తారు. అలా చేస్తే అది కాగితమూ కాదు, ప్లాస్టిక్కూ కాదు, లేబులు ఊడి రావడం కూడా కష్టమవుతుంది. నీటి ఆధారిత వార్నిషు పలచగా పూయించి, లేబులును సీసా మెడకు దూరంగా కిందికి దింపి, మూత బిగించాక సీసాను ఒకసారి తుడిస్తే చాలావరకు సరిపోతుంది.

పెట్ డబ్బా: కాగితం లేబులు చేసే చేటు

గాజు మీద మేలైన కాగితం లేబులు, పెట్ డబ్బా మీద కీడు. ఈ వృత్తిలో ఉండి కూడా ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

శుభ్రమైన, రంగులేని పెట్ డబ్బాకు పాత సామాన్ల బజారులో గిరాకీ ఉంది. మన దేశంలో వాడిన పెట్ చాలావరకు పాలిస్టర్ నూలు అవుతుంది. రీసైక్లింగు కేంద్రంలో డబ్బాలను ముక్కలుగా కొట్టి, వేడి నీళ్లలో కాస్టిక్ సోడా వేసి కడుగుతారు. తర్వాత నీళ్ల తొట్టిలో వేస్తారు. పెట్ సాంద్రత 1.38, నీళ్లకన్నా ఎక్కువ, అందుకని మునుగుతుంది. మూతలకు వాడే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సాంద్రత 0.9, అది తేలుతుంది. తేలినదాన్ని పైనుంచి తోడేస్తారు. మనుషులు చేయలేని ఆ వేరు చేసే పనిని నీళ్లు చేసిపెడతాయి.

ఇప్పుడు లేబులును ఆ తొట్టిలో వేసి చూడండి. పాలీప్రొపిలీన్ లేబులైతే మూతలతో పాటు తేలిపోతుంది. కాగితం లేబులైతే వేడి నీళ్లలో నాని గుజ్జవుతుంది. ఆ పీచు పెట్ ముక్కలకు అంటుకుని, కరిగించినప్పుడు మాడి, గోధుమరంగు మచ్చలుగా మిగులుతుంది. మచ్చల సరుకుకు ధర పడిపోతుంది. అంటే పచ్చగా కనబడాలని పెట్ డబ్బాకు కాగితం లేబులు వేసినవారు తెలియకుండానే ఆ డబ్బా విలువ తగ్గిస్తున్నారన్నమాట. లేబులు కూడా ప్లాస్టిక్కే అయితే మేలన్న మాట వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ తొట్టిలో నీళ్లు చెప్పే తీర్పు అదే.

వేడికి ముడుచుకుని డబ్బా మొత్తాన్ని కప్పేసే ప్లాస్టిక్ తొడుగు, ష్రింక్ స్లీవు, అన్నిటికన్నా చెడ్డది. చాలా చోట్ల దాన్ని పీవీసీతో, అంటే పైపులకు వాడే రకం ప్లాస్టిక్‌తో, చేస్తారు. పీవీసీ సాంద్రత పెట్‌కు దాదాపు సమానం కాబట్టి అది కూడా మునుగుతుంది, రెండూ కలిసిపోతాయి. పెట్‌ను కరిగించే వేడిలో పీవీసీ విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది, సరుకు పసుపురంగుకు తిరిగి పాడవుతుంది. మెరుస్తుందని వాడే వెండిరంగు స్టిక్కరు కూడా అంతే. డబ్బా మీద నేరుగా అచ్చు వేస్తే లేబులే అక్కర్లేదు కదా అని కొందరంటారు. ఆ సిరా వేడి నీళ్లలో కరిగి ముక్కలన్నిటికీ రంగు పట్టిస్తుంది.

మంచి పెట్ డబ్బా అంటే ఇలా ఉండాలి: రంగు లేని డబ్బా, చుట్టుకొలతలో సగానికి మించని పాలీప్రొపిలీన్ లేబులు, కడిగితే ఊడే జిగురు, తక్కువ సిరా. లేబులు చిన్నదైతే పచ్చడి రంగు కనిపిస్తుంది, అమ్మకానికి అదే మంచిది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ప్లాస్టిక్ ప్యాకింగు బాధ్యత నిబంధనల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో రీసైకిల్ చేసిన సరుకు వాటా 2025-26లో 30 శాతంతో మొదలై 2028-29 నాటికి 60 శాతానికి చేరాలి. అక్క యూనిట్ వంటి సూక్ష్మ, చిన్న బ్రాండ్లకు ఆ లెక్కల బాధ్యత లేదు గానీ, పెద్ద కంపెనీలకు మచ్చలేని పెట్ ముక్క కావలసి వస్తుంది. డబ్బా మీది లేబులు సరిగా ఉంటే పాత సామాన్లవాడి రేటు నిలుస్తుంది.

ఒక మాట డబ్బా వాడేవాళ్లకు. నూనె జిడ్డుతో ఉన్న డబ్బాను ఎవరూ తీసుకోరు. బియ్యం కడిగిన నీళ్లలో ఒకసారి ఆడించి ఇవ్వండి.

పౌచ్, కంపోస్టు ప్లాస్టిక్

పౌచ్ తూకంలో గెలుస్తుంది. పది గ్రాముల లోపే ఉంటుంది, పగలదు, పెట్టెలో ఏ మూలకైనా ఇముడుతుంది. పెట్, అల్యూమినియం రేకు, పాలిథిలీన్ పొరలను కలిపి అతికించిన పౌచ్ గాలిని, వెలుతురును ఆపుతుంది, నూనె కంపు పట్టనివ్వదు. ఆ పొరలను మళ్లీ విడదీయడం మాత్రం గిట్టదు. ఏరుకునేవాళ్లు ముట్టరు. బాగా జరిగితే సిమెంటు బట్టీలో బొగ్గుకు తోడుగా కాలుతుంది, లేకపోతే మురుగుకాల్వలో తేలుతుంది.

ఒకే రకం ప్లాస్టిక్ పొరలతో చేసిన పౌచ్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. రీసైక్లింగు వైపు నుంచి అవి నయం. కానీ రేకు ఆపినంతగా అవి గాలిని ఆపవు. అమెరికాకు చేరేలోపు పచ్చడి నూనె చెడితే, మామిడికాయలు, నువ్వుల నూనె, ఆవపిండి, ఏడుగురి కష్టం అన్నీ చెత్తబుట్ట పాలు. లోపలి సరుకు పాడు కావడంకన్నా పెద్ద వృథా ప్యాకింగులో ఏదీ లేదు. అందుకే విమానం ఎక్కే పచ్చడికి రేకు పౌచ్ వద్దని నేను చెప్పలేకపోయాను.

గోధుమరంగు కాగితం పౌచ్ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. పైన కాగితం, లోపల ప్లాస్టిక్ పొర, మధ్యలో కొన్నిసార్లు రేకు. మామూలు పౌచ్‌కు ముసుగు వేసినట్టు. కాగితం మిల్లు తీసుకోదు, ప్లాస్టిక్ వాళ్లూ తీసుకోరు. దాని మీద ఆకు బొమ్మ వేసి "పర్యావరణ హితం" అని రాయమని నా దగ్గరికి చాలామంది వస్తారు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి రాతలకు మార్గదర్శకాలు పెట్టింది. రాసిన మాటకు ఆధారం చూపించాలి. ఆ సంగతి చెబితే సగం మంది ఆకు తీసేయమంటారు, మిగతా సగం వేరే ప్రెస్సుకు వెళ్తారు.

కంపోస్టులో కుళ్లిపోయే మొక్కజొన్న పిండి సంచుల గురించీ అక్క అడిగింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ హైదరాబాదు ప్రయోగశాల రూపొందించిన అలాంటి సంచులు 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర అమ్మకానికి వచ్చాయి. కొండ మీద ఏది అమ్మాలో, చెత్త ఎటు పోవాలో ఒకే యాజమాన్యం చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ అది కుదిరే పని. అదీకాక లడ్డూ సంచి పని ఒక్కరోజుది. ఏడాది నిలవ ఉండాల్సిన, నూనె ఊరే పచ్చడికి అది నిలబడదు. పీఎల్ఏ అనే మరో రకం కంపోస్టు ప్లాస్టిక్ ఉంది, చూడ్డానికి పెట్ లాగే ఉంటుంది. అది కుళ్లడానికి 60 డిగ్రీల దరిదాపుల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి, పెరట్లో గొయ్యి చాలదు. దాని సాంద్రత 1.24, నీళ్లలో మునిగి పెట్ ముక్కల్లో కలిసి వాటినీ చెడగొడుతుంది.

ఏం తేల్చుకున్నాం

చుట్టుపక్కల ఊళ్లకు గాజు సీసా, 15 రూపాయల ధరావతు, పిండి జిగురుతో కాగితం లేబులు. హైదరాబాదుకు, బెంగళూరుకు పెట్ డబ్బా, చిన్న పాలీప్రొపిలీన్ లేబులు. థర్మోకోల్ బదులు అట్టపెట్టెలో ఎండుగడ్డి. అమెరికాకు రేకు పౌచ్, అదీ ఒక్కోటి కిలోది. చిన్న పౌచ్‌లు నాలుగు వాడే బదులు పెద్దది ఒకటి వాడితే రేకు తగ్గుతుంది. పౌచ్ మీద స్టిక్కరు లేదు, ముద్రణ నేరుగా పౌచ్ మీదే. దాంతో నా ఆదాయం కొంత పోయింది. అక్క దగ్గర ఆ మాట ఎత్తలేదు.

మొదటి నెల 200 గాజు సీసాలు పంపితే 130 తిరిగి వచ్చాయి. రానివి ఎక్కడికీ పోలేదు, వంటిళ్లలో పోపుల సామాను నింపుకుని కూర్చున్నాయి. ఒకప్పుడు హార్లిక్స్ సీసాలు కూర్చున్నట్టే. నాకది నష్టంగా తోచలేదు, అక్కకు మాత్రం తోచింది. మైదా పిండితో ఉడికించిన మొదటి జిగురు వానాకాలంలో బూజు పట్టింది. కాస్త పటిక కలిపాక నిలిచింది. ఇప్పుడు మిగిలిన తలనొప్పి మూతలు. సీసా కడిగి వాడవచ్చు గానీ, మూత లోపలి రబ్బరులాంటి పూతకు వెల్లుల్లి వాసన పట్టేస్తుంది, మళ్లీ గట్టిగా బిగుసుకోదు. ప్రతిసారీ కొత్త మూత కొనాల్సిందే. పాత మూతలు బస్తాడు అయ్యాయి. వాటిని ఇనుప సామాన్లవాడు తీసుకుంటాడా అని రేపు అడగాలి.