దుప్పి వయసు: కొమ్ములు చూడాలా, ఒళ్లు చూడాలా, పళ్లు చూడాలా?

అడవిలో మగ దుప్పి కనబడగానే అందరి కళ్లూ కొమ్ముల మీదకే పోతాయి. "అబ్బో, ఎంత కొమ్ములో, పదేళ్లుంటాయి దీనికి" అనేస్తాం. నేనూ చాలాకాలం అదే అన్నాను. అమ్రాబాద్ అడవిలో జంతువుల లెక్కింపుకి వాలంటీరుగా వెళ్లడం మొదలుపెట్టాక ఆ అలవాటు పోయింది. ఇప్పుడు నన్నడిగితే బతికున్న దుప్పికి ఒళ్లు, చచ్చినదానికి పళ్లు, కొమ్ములు ఆఖరున.

కొమ్ముల మీద నమ్మకం ఎందుకు పోయిందో ముందు చెప్తాను. మన చుక్కల దుప్పి (తెలంగాణ రాష్ట్ర జంతువు ఇదే) కొమ్ములు రాలిపోయి మళ్లీ కొత్తవి మొలుస్తుంటాయి, కృష్ణజింక కొమ్ముల్లా జీవితాంతం పెరుగుతూ ఉండేవి కావు, కాబట్టి తల మీద కనిపించేదంతా ఆ ఒక్క విడత పెరుగుదలే. మొదటిసారి మేకుల్లా సన్నగా, చీలికల్లేకుండా వస్తాయి, ఆ దశ వరకు ఫర్వాలేదు. తర్వాత ఒక్కో కొమ్ముకి మూడు కొనలు వచ్చేశాక ఇంక లెక్కపెట్టడానికేం లేదు, నడివయసుదానికీ మూడే, ముసలిదానికీ మూడే. పొడవు చూద్దామంటే అది మేతని బట్టి, తగిలిన దెబ్బల్ని బట్టి మారుతుంది, బాగా ముసలిదైతే మళ్లీ తగ్గుతుంది కూడా. ఆడవాటికి అసలు కొమ్ములే లేవు, వాటి వయసు ఎలా చెప్తాం?

ఒకసారి ఎండాకాలం పొద్దున్నే నీళ్లతొట్టి దగ్గర ఒకదాన్ని చూసి "ఆడది, పెద్దది" అని రాసేశాను. పక్కనున్న చెంచు ట్రాకర్ మెల్లగా "సార్, మెడ చూడండి" అన్నాడు. బైనాక్యులర్ పెట్టి చూస్తే లావాటి మెడ, నల్లబడిన మొహం, చెవుల మధ్య ఇంకా పచ్చిగా ఉన్న రెండు బొడిపెలు. కొమ్ములు అప్పుడే రాలిన మగది అది! ఆ రోజు నుంచి మెడ చూడకుండా నేను ఏమీ రాయను.

ఒళ్లు చూడటమంటే ఇదే. పిల్లకి మూతి పొట్టిగా ఉంటుంది, తల్లి పక్కన నిలబడితే ఎత్తు తేడా తెలిసిపోతుంది. చుక్కలు చూసి పిల్ల అనుకోకండి, దుప్పికి పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా చుక్కలే. కుర్ర మగది కాళ్లు పొడుగ్గా, నడుము లోపలికి, మెడ సన్నగా కనిపిస్తుంది. ఈడొచ్చినదానికి మెడ, రొమ్ము నిండుకుంటాయి. ముసలిదాని వెన్ను కాస్త కుంగి, పొట్ట జారి, బుగ్గలు లోపలికి పోతాయి. కచ్చితంగా ఇన్నేళ్లని దీంతో చెప్పలేం. పిల్ల, కుర్రది, ఈడుది, ముసలిది అని నాలుగు రకాలు చెప్పగలం, మంద ఎలా ఉందో తెలియడానికి అది చాలు.

పళ్లంటే సంతలో ఎద్దు నోరు పట్టి రెండు పళ్లా, నాలుగు పళ్లా అని చూసే పద్ధతే. పులో, రేచుకుక్కలో తిని వదిలిన దుప్పి కింది దవడ దొరికితే ముందరి కొరుకుడు పళ్లు వదిలేసి, ఒక పక్క వెనకున్న దవడ పళ్లు (అన్నీ వస్తే ఆరు) లెక్కపెట్టి వాటిలో ముందు నుంచి మూడోదాన్ని చూడండి. అది మూడు భాగాలుగా ఉంటే ఇంకా పాలపన్నే, రెండు భాగాలైతే శాశ్వత పన్ను వచ్చేసినట్టు. (ఆరోది ఎప్పుడూ మూడు భాగాలే, దాంతో కంగారు పడకండి.) అన్నీ వచ్చేశాక అరుగుదల చూడాలి, తెల్లటి పింగాణీ అరిగేకొద్దీ లోపలి గోధుమరంగు వెడల్పవుతుంది. అయితే గరిక మేసేదానికి, రాతినేల మీద బతికేదానికి అరుగుదల ఒకేలా ఉండదు, అందుకని ఏళ్లు చెప్పేటప్పుడు జాగ్రత్త.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి తెల్లతోక జింకల వయసు చార్టులు పంపిస్తుంటారు, ఏడాదిన్నర, రెండున్నర అని. అక్కడ పిల్లలు చాలావరకు ఒకే సీజన్‌లో పుడతాయి, వేట ఇంకో సీజన్‌లో, అందుకే ఆ అర ఏడాది లెక్కలు సరిపోతాయి. మన దుప్పులు ఏడాది పొడుగునా ఈనతాయి, ఆ లెక్క ఇక్కడ కుదరదు. పంటి వేరు కోసి మైక్రోస్కోపులో ఏటా పడే పొరలు లెక్కపెట్టే పద్ధతి కూడా గట్టి చలికాలం ఉన్నచోటే బాగా పనికొస్తుంది.

దవడ దొరికితే ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీసి, అక్కడే వదిలేయండి. రాలిన కొమ్మైనా అంతే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి, ఇంటికి తెస్తే కేసవుతుంది.