బాయిలర్ కట్టెలు మింగేస్తోంది: ఎండు కట్టె, కొత్త పైపు, కొత్త బాయిలర్ – ఏది మేలు?

చలికాలంలో నీళ్లు కాచి ఇంటిని వెచ్చగా ఉంచడానికి ఇంటి బయట పెట్టుకున్న కట్టెల బాయిలర్‌ను రోజుకు మూడుసార్లు నింపినా చాలట్లేదంటే, చాలామందికి ముందు దాన్ని మార్చేద్దామనే అనిపిస్తుంది. ఖర్చంతా అందులోనే ఉంది. నేనైతే ఆ పని ఆఖరికి పెడతాను.

ముందు చూడాల్సింది బాయిలర్ నుంచి ఇంట్లోకి వేడినీళ్లు తెచ్చే, భూమిలోని పైపు. మంచు కురిసిన మర్నాడు పొద్దున్నే బయటికి వెళ్లండి. పెరడంతా తెల్లగా ఉండి, బాయిలర్ నుంచి ఇంటిదాకా గీత గీసినట్టు గడ్డి బయటపడిందంటే, మీ కట్టెల వేడి నేలలోకి పోతోందన్నమాట. మంచు లేకపోతే థర్మామీటర్ చాలు. పంపు నడుస్తుండగా వేడినీళ్ల పైపును బాయిలర్ దగ్గర ఒకసారి, ఇంట్లోకి వచ్చేచోట ఒకసారి, ఒకే థర్మామీటర్‌తో చూడాలి. నిమిషానికి 30 లీటర్లు పారే పైపులో ఒక్క డిగ్రీ సెల్సియస్ తగ్గితే 2 కిలోవాట్లు పోయినట్టే. రోజుకు 50 యూనిట్లు! కిలో ఎండు కట్టెలో సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది. అందులో సగమే నీటికి అందుతుందనుకుంటే, ఆ ఒక్క డిగ్రీ కోసం రోజూ 25 కిలోలు కాల్చాలి. తేడా రెండు మూడు డిగ్రీలుంటే ఇక ఆలోచించక్కర్లేదు, తవ్వి పైపు మార్చాల్సిందే. వేడి పోకుండా పైపుకు చుట్టిన పొరలోకి నీళ్లు చేరితే అది ఉన్నా లేనట్టే. అందుకే చుట్టూ ఖాళీ లేకుండా ఫోమ్ నింపిన పైపే వేయాలి.

పైపు బాగుంటే తర్వాత కట్టె. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే వేడంతా పోతుందంటారు గానీ, లెక్క వేస్తే అది ఏడో వంతుకు మించదు. అసలు దెబ్బ వేరే ఉంది. మంట చల్లబడి, కట్టె నుంచి వచ్చే వాయువులు కాలకుండానే పొగగా వెళ్లిపోతాయి, మిగిలింది జిగట మసిగా లోపలి గోడలకు పడుతుంది. ఆ మసి వేడిని నీటికి చేరనివ్వదు. తలుపు తీసినప్పుడు కట్టె కొసల్లో నురగ బుసబుసలాడుతుంటే అది పచ్చిదే. పైన ఎండినట్టు కనిపించినా నమ్మొద్దు. ఒక దుంగ చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ గుచ్చాలి. తేమ 20 శాతం లోపుంటే మేలు. ఇందుకు డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి: చీల్చి, పైన కప్పి, పక్కల గాలి ఆడేలా పేర్చి కనీసం ఒక ఏడాది ఆగాలి. గట్టి కట్టెకు రెండేళ్లు పడుతుంది.

ఈలోగా మసి గీకడం, తలుపు సీలు చూడటం ఒక పూట పని. సీలుకు, ఫ్రేముకు మధ్య కాగితం పెట్టి తలుపు మూయండి. లాగితే జారి వచ్చేస్తే అక్కడ గాలి చొరబడుతున్నట్టే.

మరి కొత్త బాయిలర్? కట్టె వాయువులను రెండో గదిలో విడిగా మండించే గ్యాసిఫికేషన్ రకం నిజంగానే తక్కువ కట్టెతో నడుస్తుంది. పాతది ఇంటికి మరీ పెద్దదై, రోజులో ఎక్కువసేపు గాలి మూసుకుని పొగలు కక్కుతూ ఉంటే మార్చడం న్యాయమే. పక్కన వేడినీళ్లు నిల్వచేసే ట్యాంకు కూడా పెడితే ఇంకా మంచిది. అయితే పచ్చి కట్టెతో కొత్త బాయిలర్ పాతదాని కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, పైపులో పోయే వేడినీ ఆపలేదు. అందుకని ఆర్డర్ ఇచ్చే రోజుకే వచ్చే చలికాలం కట్టె చీల్చి, పేర్చి ఉండాలి.