రెండున్నరేళ్ళు ట్రే, జెల్ వాడాక: గార పళ్ళకు ఇంట్లో చేసుకునే వైటెనింగ్

"మీది ఏ వైపమ్మా? చిన్నప్పుడు బోరు నీళ్ళేనా తాగింది?"

నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న నన్ను డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. కనిగిరి దగ్గర పల్లె అని చెప్పాను. ఆవిడది కడప. "పళ్ళు చూస్తేనే అనుకున్నా" అన్నారు.

బెంగళూరు వచ్చి అప్పటికి ఆరేళ్ళు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. పై వరసలో ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ సుద్ద గీసినట్టు తెల్ల చారలు. మా ఊళ్ళో చాలామందివి ఇలాంటి పళ్ళే కాబట్టి అక్కడ ఎవరూ పట్టించుకోరు. మారతహళ్ళి ఆఫీసులో ఒకాయన నలుగురి ముందు "గుట్కా అలవాటుందా?" అని అడిగాడు. ఆ సాయంత్రం రూముకొచ్చి చాలాసేపు ఏడ్చాను. పళ్ళు శుభ్రంగా తోముకునే మనిషిని ఆ మాట ఎంత బాధపెడుతుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు నేను చెయ్యని ప్రయోగం లేదు. ఆన్‌లైన్‌లో దొరికే బొగ్గు పొడితో రెండు నెలలు తోమాను. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దాను. మచ్చలు అంగుళం కదల్లేదు సరికదా, పళ్ళు పులిసిపోయి అన్నం నమలడం కష్టమైంది. పంటి పైనుండే పింగాణీ పొర పీహెచ్ 5.5 కంటే తగ్గితే (పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ సుమారు 2. అంటే నేను చేసింది తెల్లబరచడం కాదు, పొరను కరిగించి పైన బరకపొడితో గీకడం. ఆ పొర ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. ఈ సమీక్షలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

నాది పైన పట్టిన గార కాదు, ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలోని ఫ్లోరైడు ఎక్కువై పంటి లోపలే వచ్చిన మచ్చ. నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చిగురు లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, అంతకంటే ఎక్కువ ఫ్లోరైడు ఒంట్లోకి పోతూ ఉంటే పింగాణీ గట్టిపడకుండా లోలోపల గుల్లగా ఉండిపోతుంది. పన్ను సుద్దలా తెల్లగా బయటికొస్తుంది, తర్వాత ఆ గుల్లలోకి రంగు చేరి గోధుమరంగుకు తిరుగుతుంది. మా వైపు ఇది కొత్త కథ కాదు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు నమోదు చేశారు. మా కనిగిరి, పక్కనున్న దర్శి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే. ఇది తెలిశాక నా మీద నాకున్న అసహ్యం కొంత తగ్గింది.

డాక్టరు గారు ముందు పళ్ళు క్లీన్ చేసి, పిప్పి పళ్ళు లేవని ఎక్స్‌రేలో చూసి, అప్పుడే ఒప్పుకున్నారు. పై వరసకూ కింది వరసకూ అచ్చు తీసి, పలచటి ప్లాస్టిక్ ట్రేలు చేయించారు. వాటిలో వేసుకోవడానికి 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఉన్న సిరంజీలు ఇచ్చారు. ట్రేలకూ జెల్‌కూ కలిపి నాకు తొమ్మిది వేలు దాకా అయింది. రాత్రి ట్రేలో జెల్‌తో పడుకునే ఈ పద్ధతి 1989 నుంచి దంతవైద్యంలో ఉంది. కార్బమైడ్ పెరాక్సైడ్ నోట్లో విడిపోయి హైడ్రోజన్ పెరాక్సైడ్, యూరియా అవుతుంది. 10 శాతం జెల్ నుంచి వచ్చేది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. అది పింగాణీ లోంచి దూరి లోపలి రంగు పదార్థాన్ని చిన్న ముక్కలు చేస్తుంది. కిట్ కొనేటప్పుడు డబ్బా మీద కార్బమైడ్ పెరాక్సైడ్ అని రాశారో, హైడ్రోజన్ పెరాక్సైడ్ అని రాశారో, ఎంత శాతమో చూడండి. శాతమే రాయని కిట్ జోలికి వెళ్ళొద్దు.

2023 జనవరిలో మొదలుపెట్టాను. రాత్రి పళ్ళు తోముకుని, ట్రేలో ఒక్కో పంటి ముందు భాగానికి బియ్యపు గింజంత జెల్ పెట్టి, పొద్దున్నే తీసి చన్నీళ్ళతో కడిగేదాన్ని. వేణ్ణీళ్ళు తగిలితే ట్రే వంగిపోతుంది.

మొదటి వారం అద్దంలో చూసుకుని గుండె జారిపోయింది. మచ్చలు తగ్గకపోగా తెల్ల చారలు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. వెంటనే ఫోన్ చేస్తే, పన్ను తడి ఆరినప్పుడు అలాగే ఉంటుంది, మానెయ్యొద్దు అన్నారు. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నాకంత టెన్షన్ ఉండేది కాదు. మూడో వారానికి పళ్ళ మొత్తం రంగు తేలికపడి, చారలకూ మిగతా పంటికీ తేడా తగ్గింది. ఆరో వారం చివరికి గోధుమరంగు మచ్చలు లేత తేనె రంగుకు వచ్చాయి. విటా షేడ్ గైడ్ అని 16 షేడ్ల పలక ఒకటి ఉంటుంది, దాని పక్కన పెట్టి చూస్తే మొదట్లో ఏ3.5 ఉన్న నా పళ్ళు ఏ1 దగ్గరికి చేరాయి (ఏ పక్కన అంకె తగ్గేకొద్దీ రంగు తేలిక). తెల్ల చారలు మాత్రం పూర్తిగా పోలేదు. జెల్ రంగును పోగొట్టగలదు గానీ గుల్లను నింపలేదు. వాటికి ఆ గుల్లలోకి పలచటి రెసిన్ ఎక్కించి నింపే రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనే వేరే చికిత్స ఉంది, అది నేను చేయించుకోలేదు.

ఇక బాధల సంగతి.

నాలుగో రోజు నుంచే పళ్ళు జివ్వుమనడం మొదలైంది. జనవరి ఉదయం స్కూటీ మీద కుందలహళ్ళి గేటు దాటుతుంటే చల్లగాలి పళ్ళ సందుల్లో సూదిలా దిగేది. నోరు మూసుకుని ముక్కుతోనే గాలి పీల్చుకుంటూ వెళ్ళేదాన్ని. పెరాక్సైడ్ నిమిషాల్లోనే పంటి లోపలి నరం దాకా చేరుతుంది కాబట్టి ఇది చాలామందికి వస్తుందట, మానేస్తే కొద్ది రోజుల్లో పోతుందట. నాకు అలాగే పోయింది, కానీ మధ్యలో నేను చేసిన తప్పుకు బాగా అనుభవించాను. మా పిన్ని కూతురి నిశ్చితార్థం దగ్గరపడుతోందని తొందరపడి, ఎవరినీ అడక్కుండా 16 శాతం జెల్ తెప్పించి రాత్రంతా పెట్టుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి నొప్పితో లేచాను. ఎడమవైపు పై పళ్ళలో కరెంటు షాకులాగా ఆగి ఆగి కొట్టింది. ఆరు రోజులు ట్రే ముట్టలేదు. మంచినీళ్ళు కూడా గోరువెచ్చగా తాగాను.

అప్పుడు పనికొచ్చింది ఒక చిన్న చిట్కా. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టును ట్రేలో జెల్ బదులు వేసుకుని పావుగంట ఉంచమన్నారు డాక్టరు గారు. మూడు రోజుల్లో తేడా తెలిసింది. తర్వాత 10 శాతం జెల్‌నే రోజు విడిచి రోజు, రాత్రంతా కాకుండా రెండు గంటలు పెట్టుకున్నాను. ఫలితం కాస్త ఆలస్యమైంది గానీ ఆగలేదు. శాతం పెంచితే నొప్పి పెరుగుతుంది, చివరికి వచ్చే రంగు మాత్రం అదే అని నాకు అర్థమైంది.

చిగుళ్ళకు కూడా తగిలింది. జెల్ ఎక్కువై ట్రే అంచు దాటితే చిగురు తెల్లగా పాలిపోయి మండుతుంది. చూస్తే భయమేస్తుంది గానీ రెండు రోజుల్లో మామూలైంది. పొంగిన జెల్‌ను వెంటనే దూదితో తుడిచేస్తే ఆ బాధ ఉండదు.

తిండి విషయంలో మన వంటలతో ఇబ్బందే. ఆ ఆరు వారాలూ చింతకాయ పచ్చడి, పులిహోర, పప్పుచారు తింటే పళ్ళు పులిసేవి. పులుపు మానేసి పెరుగన్నం, ఇడ్లీ మీద గడిపాను. రంగు గురించి కాఫీ కూడా తగ్గించమన్నారు. ఆఫీసు కింద దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్) బై టూ కాఫీ నా ప్రాణం, దాన్ని పూర్తిగా వదల్లేక రోజుకొకటి తాగి వెంటనే నోరు పుక్కిలించేదాన్ని.

ముందుగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి విరిగిన పై పంటికి సిమెంట్ పెట్టించుకున్నాను. జెల్ దాన్ని తెల్లబరచదు. చుట్టూ పన్ను తెల్లబడ్డాక ఆ ముక్క పచ్చగా తేలింది. క్యాపులకూ ఇదే వర్తిస్తుంది. కొత్త సిమెంట్ వెంటనే పెట్టరు, పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల సరిగ్గా అతుక్కోదని రెండు వారాలు ఆగమన్నారు. ఆ ఖర్చు అదనం.

మా ఫ్లాట్‌మేట్ నీలిరంగు లైటు వచ్చే కిట్ కొంది. ఆమెకొచ్చిన కొద్దిపాటి మార్పు జెల్ వల్లే తప్ప లైటు వల్ల కాదు. అందరికీ ఒకే కొలతతో వచ్చే ఆ ట్రే లోంచి జెల్ కారి ఆమె పెదవి మండింది.

ఇప్పటికి రెండున్నరేళ్ళు. ట్రే ఆపేసిన మొదటి రెండు వారాల్లోనే రంగు కొంచెం వెనక్కి వచ్చింది, అది మామూలేనట. ఏడాదికి ఏ2 దగ్గర నిలిచింది. ఏడాదికొకసారి నాలుగు రాత్రులు పెట్టుకుంటున్నాను, అంతే. ప్రతి నెలా పెట్టుకోవాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోవాలి. సిరంజీలు ఫ్రిజ్‌లోనే ఉంచండి. మేలో ఊరికి తీసుకెళ్ళినప్పుడు ఎండకు ఒక సిరంజి నీళ్ళలా పలచబడింది, అది పెట్టుకున్నా మార్పు లేదు.

పిప్పి పళ్ళు, చిగుళ్ళ వాపు ఉన్నవాళ్ళు ముందు అవి బాగుచేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. డబ్బు ఇబ్బందిగా ఉంటే బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో కనీసం పరీక్ష చేయించుకుని, మీది ఏ రకం మచ్చో తెలుసుకుని మొదలుపెట్టండి.

మొదట్లో ఫోన్‌లో అమ్మ "పళ్ళు అరగదీసుకోబాకమ్మా, ఎట్టున్నా నువ్వు బాగుంటావు" అనేది. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పన్నెండేళ్ళ మా అక్క కూతురు నా పళ్ళు దగ్గరగా చూసి, "పిన్నీ, నాకూ ఆ ట్రే కొనిపెట్టవా?" అంది. దాని పళ్ళ మీదా అవే చారలు. పద్దెనిమిది నిండేదాకా వద్దని చెప్పాను. నిండాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ రోజే వాళ్ళింట్లో దాని తమ్ముడి కోసం, నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే ఆర్‌వో ఫిల్టరు పెట్టించాను. వాడికి ఇంకా నాలుగేళ్ళే.